పని మాన్పించకండి, పిడి మార్చండి

కుష్ఠు వ్యాధికి ఇచ్చే ఎం.డి.టి. అనే పలు మందుల కోర్సును వ్యాధి రకాన్ని బట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో వాడాలి. చివరి ప్యాకెట్ అయిపోయాక పీహెచ్‌సీ రిజిస్టర్‌లో పేరు పక్కన ఆర్‌.ఎఫ్‌.టి. అని, అంటే చికిత్స పూర్తయిందని, రాస్తారు. వ్యాధి నయమైంది, ఇక ఎవరికీ అంటదు. అంతవరకూ నూటికి నూరుపాళ్లూ నిజమే. కానీ మోచేతి దగ్గర దెబ్బతిన్న నరం మాత్రలతో తిరిగి బతకదు. స్పర్శ పోయిన ఆ చెయ్యి ఇంకో ముప్ఫై, నలభై ఏళ్లు వేడి అన్నం కలపాలి, కొడవలి పట్టాలి, బకెట్లు మొయ్యాలి. దాని సంగతి ఆ మూడక్షరాల్లో ఉండదు.

ఇంట్లోవాళ్లు మామూలుగా చేసే పని ఒకటుంది. ఆ మనిషిని పొయ్యికీ పొలానికీ దూరం పెడతారు. "నువ్వు ఇటు రాకు పిన్నీ, మేం చూసుకుంటాంలే" అంటారు. చాలాసార్లు ప్రేమతోనే అంటారు. కొన్నిసార్లు ఆ మాట వెనక వేరే భయం ఉంటుంది, ఆ భయం ఆమెకూ తెలుస్తూనే ఉంటుంది. ఏ ఉద్దేశంతో అన్నా చేతికి జరిగేది నష్టమే. కదలని కీళ్లు బిగుసుకుంటాయి, మిగిలిన కాస్త కండా కరిగిపోతుంది, ఇంట్లో ఆమె మాటకు విలువ తగ్గుతుంది. చెయ్యి బాగోలేనివాళ్లను పని మాన్పించడం తేలిక. మార్చాల్సింది పనిముట్టునీ, పట్టుకునే తీరునీ. అది ఎలాగో వివరంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నరం పోతే ఏమేం పోతాయి

కుష్ఠు క్రిమి శరీరంలో కాస్త చల్లగా ఉండే చోట్ల బాగా పెరుగుతుంది. అందుకే చర్మానికి దగ్గరగా, పైపైన సాగే నరాలకు ముప్పు ఎక్కువ. మోచేతి లోపలివైపు ఎముకను ఆనుకుని వెళ్లే అల్నార్ నరం ముందు దెబ్బతింటుంది. దేనికైనా కొట్టుకుంటే చిటికెనవేలి దాకా జివ్వుమనే చోటు అదే. తర్వాతి వంతు మణికట్టు దగ్గరి మీడియన్ నరానిది. మణికట్టును పైకి లేపే రేడియల్ నరం అరుదుగా పోతుంది.

అల్నార్ నరం పోతే చిటికెనవేలు, దాని పక్కన ఉంగరపువేలు సగం, ఆ వైపు అరచెయ్యి మొద్దుబారతాయి. ఆ రెండు వేళ్లూ మధ్య కీళ్ల దగ్గర ముడుచుకుంటాయి. మీడియన్ కూడా పోతే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేళ్ల కొసలకు ఏమీ తెలియదు. బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురుగా రాదు, బొత్తాం పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది.

స్పర్శ, కండరాల బలం పోయాయని అందరూ గమనిస్తారు. మూడోది ఎవరికీ కనపడదు. చెమట పట్టించే తంతులు కూడా ఈ నరాల్లోనే ఉంటాయి. అవి పోతే అరచెయ్యి ఎండిన తోలులా తయారై, వేళ్ల మడతల దగ్గర పగులుతుంది. ఆ పగుళ్లలోంచి చీము క్రిములు లోపలికి వెళ్తాయి. నొప్పి తెలియదు కాబట్టి చీము ఎముక దాకా చేరినా మనిషి అదే చేత్తో పని చేస్తూనే ఉంటాడు. ఎముక ముక్కలుగా బయటికి వస్తుంది, లేదా లోపలే కరిగి వేలు పొట్టిదవుతుంది. కుష్ఠులో వేళ్లు వాటంతటవే రాలిపోతాయన్న నమ్మకం మన ఊళ్లలో ఇంకా ఉంది. అది అబద్ధం. 1940ల చివర వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఈ చేతులకు శస్త్రచికిత్సలు మొదలుపెట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ దీన్ని పట్టుదలగా వెతికి తేల్చారు. కాలడం, కోసుకోవడం, ఒత్తిడి, పట్టించుకోని పుండు, వీటివల్లే వేళ్లు పోతున్నాయి. కొందరి వేళ్లను రాత్రి నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయని కూడా అక్కడే తెలిసింది. అన్నం వాసన ఉన్న చేతిని ఎలుక కొరికినా స్పర్శ లేని మనిషికి మెలకువ రాదు. రాత్రి భోజనం అయ్యాక సబ్బుతో చెయ్యి కడుక్కుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోమని చెప్పేది అందుకే.

ఆరు నెలల గడువు

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇది. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకపోతే దాన్ని వెనక్కి తెచ్చుకునే అవకాశం చాలావరకు ఉంటుంది. ప్రెడ్నిసొలోన్ మాత్రలు సాధారణంగా రోజుకు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, మెల్లగా తగ్గిస్తూ కనీసం పన్నెండు వారాలు ఇస్తారు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాడకూడదు. షుగర్, బీపీ చూడాలి, మధ్యలో హఠాత్తుగా ఆపకూడదు. ఆ గడువు దాటిపోతే మందు పెద్దగా పనిచెయ్యదు. నరాన్ని ఇలా దెబ్బతీసే వాపును రియాక్షన్ అంటారు; అది ఎం.డి.టి. వాడుతుండగా రావచ్చు, కోర్సు పూర్తయి ఏడాది రెండేళ్లు గడిచాక కూడా రావచ్చు. ఆర్‌.ఎఫ్‌.టి. అయింది కదా అని చాలామంది పట్టించుకోరు. మోచేతి దగ్గర నొప్పి, పాత మచ్చ ఎర్రగా ఉబ్బడం, చేతిలో వస్తువులు జారడం కనిపిస్తే ఆ వారమే ఆసుపత్రికి వెళ్లాలి. కొన్నిసార్లు ఏ నొప్పీ లేకుండానే నరం పోతుంది కాబట్టి నెలకోసారి ఇంట్లోనే చూసుకోవాలి.

ఒక తెల్లకాగితం మీద రెండు చేతుల చుట్టూ పెన్సిల్‌తో గీత గియ్యండి. కళ్లు మూసుకోమని చెప్పి, బాల్‌పెన్ కొసతో చర్మం కొంచెం నొక్కుకునేంత మెత్తగా తాకండి. గియ్యొద్దు, పొడవొద్దు. చిటికెనవేలి కొస, దాని కింద అరచేతి అంచు, బొటనవేలి కొస, చూపుడువేలి కొస, ఈ నాలుగు చోట్లు చాలు. తాకిన చోటును రెండో చేతి వేలితో చూపించమనండి. చూపించలేని చోట కాగితం మీద ఇంటూ పెట్టి తేదీ వెయ్యండి. ఆసుపత్రిలో ఇదే పరీక్షను నైలాన్ తంతుతో చేస్తారు, చేతికి రెండు గ్రాముల ఒత్తిడిచ్చే తంతు వాడతారు. బలం చూడటానికి అరచెయ్యి పైకి పెట్టించి చిటికెనవేలిని పక్కకు చాపమనండి, మీరు లోపలికి నెట్టండి. బొటనవేలిని నిటారుగా పైకి లేపమని కిందికి నొక్కండి. పిడికిలి బిగించి మణికట్టు పైకెత్తమనండి. గట్టిగా నిలిస్తే బలంగా ఉందని, నెట్టగానే లొంగితే బలహీనమని, అసలు కదలకపోతే చచ్చుబడిందని రాసుకోండి. పోయిన నెల కాగితానికీ ఈ నెల కాగితానికీ తేడా కనపడితే దాన్ని పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. "ఎందుకో చెయ్యి బాగోలేదండీ" అనేకంటే ఆ కాగితం వెయ్యి రెట్లు నయం.

వేడి అన్నం దగ్గర మొదలుపెడదాం

చేత్తో అన్నం కలుపుకుని తినే మనకు అతిపెద్ద ప్రమాదం కంచంలోనే ఉంది. సుమారు 60 డిగ్రీల వేడి ఐదారు సెకన్లలో చర్మాన్ని లోతుగా కాల్చేస్తుంది. కుక్కర్ లోంచి అప్పుడే తీసిన అన్నం, దాని మీద పప్పు, కాగిన నెయ్యి అంతకంటే వేడిగా ఉంటాయి. స్పర్శ ఉన్నవాళ్లు ఒక్క వేలు పెట్టి చటుక్కున తీసేస్తారు. స్పర్శ లేనివాళ్లు నాలుగు వేళ్లతో పిసికి కలుపుతారు. మర్నాటికి వేళ్ల కొసల్లో నీటి బొబ్బలు. ఇంట్లో అందరిదీ ఒకే అలవాటు కావాలి. అన్నం వెడల్పుగా కంచంలో పరచి, ఆవిరి రావడం ఆగాకే చెయ్యి పెట్టాలి. కలపడం మటుకు చెంచాతో చెయ్యొచ్చు, ఆ తర్వాత చేత్తో తినొచ్చు. వేడి చూడటానికి ముంజేతి మీద స్పర్శ ఉన్న చోటును ముందే పరీక్షించి గుర్తుపెట్టుకోవాలి. అది ఎక్కడో ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, ఊహించి చెప్పలేం.

తెలంగాణ ఇళ్లలో జొన్నరొట్టె ఇంకో సంగతి. పిండిని మరిగే నీళ్లతో కలుపుతారు, పెనం మీద రొట్టెను చేత్తోనే తిప్పుతారు, పైన తడి రాస్తారు. మూడుచోట్లా కాలుతుంది. మొదట గరిటెతో కలిపి, పిండి గోరువెచ్చగా అయ్యాకే మర్దించాలి. తడిని గుడ్డ చుట్టిన పుల్లతో రాయాలి, తిప్పడానికి పొడుగు కాడ ఉన్న అట్లకాడ వాడాలి. రొట్టె చెయ్యడం మానాల్సిన అవసరం ఎక్కడా లేదు.

పొయ్యి మీది గిన్నె దించడానికి తడి మసిగుడ్డ వాడకూడదు. తడి గుడ్డ వేడిని క్షణంలో చేతికి చేరుస్తుంది. పొడి గుడ్డను నాలుగు మడతలు వెయ్యాలి. పట్టకారు సన్నగా ఉంటే దాని కాడలే అరచేతిని నొక్కుతాయి కాబట్టి వాటికి మందంగా గుడ్డ చుట్టి దారంతో కట్టాలి. టీకి స్టీలు గ్లాసు వద్దు, పిడి ఉన్న కప్పు వాడండి. ఆ పిడిలోకి కనీసం మూడు వేళ్లు పట్టాలి. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఎదురెదురుగా కాలిన మచ్చలు ఉంటాయి. అవి చూడగానే ఎలా వచ్చాయో తెలిసిపోతుంది. మానేస్తే మంచిది. చలిమంట దగ్గర చేతులు కాచుకోవడమూ అంతే, మంటకు ఎంత దగ్గరగా ఉన్నామో మొద్దుబారిన చెయ్యి చెప్పదు.

కత్తిపీట మీద కూర తరిగేటప్పుడు వేళ్లే కూరను కత్తి వైపు నెడతాయి. వేలు కత్తికి ఆనిందని తెలిసేలోపే తెగుతుంది. అందుకే చెక్కపలక వాడాలి. పలక అడుగు నుంచి తుప్పు పట్టని మేకులు రెండు కొట్టి, పైకి ఒక అంగుళం తేలేలా చెయ్యండి. ఉల్లిపాయో, బంగాళాదుంపో ఆ మేకులకు గుచ్చితే కదలదు. ఎడమచెయ్యి అవసరం లేకుండా లావుపాటి పిడి చాకుతో కొయ్యొచ్చు. పని అయ్యాక మేకుల కొసలకు బెండుముక్కలు గుచ్చి పెట్టాలి.

పిడి ఎందుకు అంత ముఖ్యం

స్పర్శ ఉన్న చెయ్యి ఒక వస్తువును జారిపోనంత బలంతోనే పట్టుకుంటుంది. ఎంత పట్టు చాలో చర్మం ఎప్పటికప్పుడు చెబుతుంటుంది. ఆ కబురు రాకపోతే మనిషి అవసరానికి మించి బిగిస్తాడు. దానికి తోడు అల్నార్ నరం పోయిన చేతిలో వేళ్లు చుట్టూ సమంగా ఆనవు, కొసలు మాత్రమే వస్తువుకు గుచ్చుకుంటాయి. అరచెయ్యంతా పంచుకోవాల్సిన బరువు నాలుగైదు చుక్కల మీద పడుతుంది. సన్నటి పిడి అయితే ఇంకా దారుణం. గంటసేపు కలుపు తీసి లేచేసరికి చర్మం కింద కండ నలిగిపోయి ఉంటుంది, పైకి ఏమీ కనపడదు.

పిడి అడ్డంగా మూడు నుంచి నాలుగు సెంటీమీటర్ల మందం ఉంటే చాలామంది చేతికి సరిపోతుంది. కొడవలి, చాకు, చెంచాలకు పాత సైకిల్ ట్యూబును పొడుగ్గా చీల్చి, మెత్తటి గుడ్డ మీదుగా బిగుతుగా చుట్టండి. ముడి అరచేతిలోకి రాకూడదు, పిడి చివరనే ఉండాలి. పారకు, గడ్డపారకు చేతులు పడే రెండు చోట్లా చుట్టాలి. బకెట్ తీగ మీద ప్లాస్టిక్ పిడి ఊడిపోయి ఉంటే అరడుగు నీళ్ల పైపు ముక్కను నిలువునా చీల్చి తీగకు తొడిగి, పైన గుడ్డ చుట్టాలి. తాళంచెవి కన్నంలో వేలంత మందం చెక్కముక్కను దూర్చి బిగిస్తే వేళ్ల కొసలతో తిప్పే పని తప్పుతుంది, గుప్పిటితో తిప్పొచ్చు. పాలిథిన్ సంచి చెవులు వేళ్లను కోస్తాయి, సంచి ఏదైనా భుజానికి వేసుకోవాలి.

చెంచా, పెన్ను, రేజర్ లాంటి వాటికి చేతి ఆకారానికే పిడి చేసుకోవచ్చు. కుష్ఠు ఆసుపత్రుల్లో ఎపాక్సీ ముద్దతో ఈ పిడులు చేస్తారు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం-సీల్‌తో ఇంట్లో చేసుకోవచ్చు. రెండు ముద్దలను రంగు ఒక్కటయ్యేదాకా పిసకాలి. ఈ పని స్పర్శ ఉన్నవాళ్లు, చేతికి కవరు తొడుక్కుని చెయ్యాలి. చెంచా కాడ చుట్టూ పెట్టి, పైన పల్చటి పాలిథిన్ కప్పి, వాడబోయే మనిషి చేత ఒక్కసారి మామూలుగా పట్టించాలి. అచ్చు పడగానే చెయ్యి తీసేసి రాత్రంతా ఆరనివ్వాలి. మర్నాడు గరుకు కాగితంతో అంచులు నున్నగా రుద్దాలి. ఒక్క మొన మిగిలినా అదే పుండు చేస్తుంది. పావుగంట వాడాక చెయ్యి చూడండి. ఎర్రబడిన చోటు ఇరవై నిమిషాల్లో మామూలు కాకపోతే పిడిలో ఆ భాగాన్ని ఇంకా రుద్దాలి.

పని మధ్యలో చెయ్యి చూసుకోవడం అన్ని పిడులకంటే ముఖ్యమైన అలవాటు. గంటకోసారి పని మార్చండి. పార పట్టినవాళ్లు కాసేపు గంపలెత్తండి. సాయంత్రం వెలుతురు ఉండగానే రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి ఎరుపు, వాపు, బొబ్బ, గుచ్చుకున్న ముల్లు ఉన్నాయేమో వెతకాలి. వేడి తెలుసుకోవడానికి చెంపకు ఆనించుకోవాలి. ఒక వేలు మిగతావాటికంటే వెచ్చగా ఉంటే లోపల ఏదో జరుగుతోందని అర్థం. కంటిచూపు తగ్గినవాళ్లకు ఈ పని ఇంట్లో పిల్లలు చెయ్యాలి. బొబ్బ పగలగొట్టొద్దు. సబ్బునీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ చుట్టి, మానేదాకా ఆ వేలికి పని చెప్పొద్దు. పుండుతో ఉన్న వేలు మానకపోవడానికి మొదటి కారణం మందు లేకపోవడం కాదు, విశ్రాంతి లేకపోవడం. ఇక్కడ మాత్రం పని ఆపమనే చెబుతాను, ఆ వేలి వరకు, పుండు మానేదాకా. వాపు అరచేతిలోకి పాకితే అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నీళ్లు, నూనె, సాగదీత

పొడిబారిన చేతికి ఖర్చు లేని వైద్యం ఉంది. రోజూ ఒకసారి మామూలు చల్లటి నీళ్లలో ఇరవై నిమిషాలు చేతులు నానబెట్టాలి. వేడినీళ్లు వద్దు, ఉప్పు అక్కర్లేదు. నానాక గట్టిపడిన చర్మాన్ని గరుకు గుడ్డతోనో, అరిగిన నున్నటి రాయితోనో మెల్లగా రుద్దాలి. బ్లేడు ముట్టుకోవద్దు. తర్వాత తుడవకుండా, తడి మీదే కొబ్బరినూనో, నువ్వులనూనో నాలుగు చుక్కలు రాయాలి. నూనె తేమను ఇవ్వదు, లోపలికి చేరిన నీటిని పోనివ్వకుండా ఆపుతుంది. పొడి చేతికి నూనె రాసి "ఏం లాభం లేదు" అనేవాళ్లు నానబెట్టే పని వదిలేసి ఉంటారు.

నూనె చేతితోనే సాగదీత అయిపోతుంది. చేతి వెనకభాగాన్ని తొడ మీద ఆనించి, ముడుచుకున్న వేళ్లను రెండో చేత్తో మొదలు నుంచి కొస వైపు మెల్లగా నిమురుతూ చాపాలి. చాపి పది అంకెలు లెక్కపెట్టాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. బొటనవేలిని బయటికి లాగేటప్పుడు కొస పట్టుకుని లాగకూడదు, అలా లాగితే మధ్య కీలు వదులై చెడిపోతుంది. వేలి మొదట, అరచేతికి దగ్గరి ఎముక దగ్గర పట్టాలి. రాత్రిపూట ముడుచుకున్న వేలికి పీవీసీ పైపును నిలువునా సగానికి చీల్చి, అంచులు అరగదీసి, లోపల దూది, గుడ్డ పరిచి కట్టుకోవచ్చు. తెల్లారాక కట్టు విప్పి చర్మం చూడాలి. దీనివల్ల పోయిన బలం తిరిగి రాదు. కీలు మాత్రం బిగుసుకోదు.

కీలు బిగుసుకోకపోవడం ఎందుకు అంత అవసరమంటే, శస్త్రచికిత్సకు అదే మొదటి షరతు. ఎం.డి.టి. పూర్తయి, కనీసం ఆరు నెలలుగా రియాక్షన్ లేకుండా, వేళ్లు చేత్తో చాపితే తేలిగ్గా చాపుకునే స్థితిలో ఉండాలి. అప్పుడు పనిచేస్తున్న ఒక స్నాయువును (కండను ఎముకకు కలిపే తాడును), ఎక్కువగా మధ్యవేలిది, తీసి ముడుచుకున్న వేళ్లకు కలుపుతారు. మూడు వారాలు పిండికట్టు, ఆ తర్వాత మూడు నాలుగు వారాలు ఫిజియోథెరపీ. ఆ వ్యాయామం ఎగ్గొడితే ఆపరేషన్ ఫలితం సగం పోతుంది. వేళ్లు నిటారుగా వస్తాయి, పట్టు బాగుపడుతుంది, నలుగురిలో చెయ్యి దాచుకోవాల్సిన పని ఉండదు. స్పర్శ మాత్రం రాదు. అందుకే ఆపరేషన్ అయిన చేతిని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి, ఎందుకంటే ఆ చెయ్యి ఇప్పుడు పనికి ముందుకు పోతుంది.

కాగితాల పని

వైకల్యం అంటే వంకర వేళ్లే అని ఆఫీసుల్లోనూ అనుకుంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అలా అనలేదు. కుష్ఠు నయమైన వ్యక్తి అనే వర్గంలో, కంటికి కనిపించే వైకల్యం లేకున్నా చేతుల్లోనో, పాదాల్లోనో స్పర్శ పోయినవాళ్లు కూడా ఉన్నారు. కాబట్టి వేళ్లు నిటారుగా ఉన్నాయని వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో వెనక్కి పంపితే చట్టం పేరు చెప్పి స్పర్శ పరీక్ష చెయ్యమని అడగొచ్చు. నా దృష్టిలో సర్కారు శ్రద్ధ ఎక్కువ పెట్టాల్సింది ఈ దశ చేతుల మీదే. వేళ్లు ఇంకా పోలేదు, కాపాడుకునే వీలుంది.

అరిగిన వేలికొసలతో రేషన్ యంత్రం దగ్గర ముద్ర పడదు. మూడు నాలుగు సార్లు గట్టిగా నొక్కించడం చూస్తుంటాం, అదీ చేతికి హానే. కనుపాపతో గుర్తించమని అడగండి. ఆధార్ నమోదుకు కూడా వేలిముద్రలు లేనివాళ్లకు కనుపాప ఒక్కటే చాలని, ఏ కారణంతోనైనా రెండూ తీసుకోలేకపోతే పేరు, ఫొటో, ఇతర వివరాలతోనే నమోదు చెయ్యాలని కేంద్రం 2023 డిసెంబరులో మళ్లీ స్పష్టం చేసింది. సెంటర్‌లో కుదరదంటే ప్రత్యేక పరిస్థితి కింద నమోదు చెయ్యమని అడగాలి.

పీహెచ్‌సీకి వెళ్లినప్పుడు మాత్రల మాటతో పాటు స్వీయ సంరక్షణ కిట్, స్ప్లింట్ (వేలిని చాపి ఉంచే కట్టుబద్ద), ఫిజియోథెరపిస్టు పరీక్ష కూడా అడగండి. జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమంలో అంగవైకల్య నివారణ ఒక భాగం, ఇవి దాని కింద ఇవ్వాల్సినవే. అక్కడ లేకపోతే జిల్లా కుష్ఠు అధికారి కార్యాలయానికి రాసి పంపమనండి, ఆ రాసిన చీటీ కాపీ తీసుకోండి.